ఏడో రూలు

9-5-78, మంగళవారం

క్లబ్బు మూసేశాం. మూయించారు అనాలి. పొద్దున్నే మునిసిపాలిటీ నుంచి ఆర్డరు వచ్చింది. జాలరిపేటలో నిన్న ఒక్క రోజులో ఇద్దరు పోయారు. కలరా. హెల్త్ ఇన్‌స్పెక్టరు జోగేశ్వరరావు మాత్రం ఆ మాట అనడు, జి.ఇ., అంటే గ్యాస్ట్రో ఎంటరైటిస్ అంటాడు. ఇంగ్లీషులో చెబితే జనం తక్కువ భయపడతారని కాబోలు.

ఈ జబ్బు పదిహేడేళ్ళుగా ప్రపంచమంతా తిరుగుతోందట. దీన్ని పాండెమిక్ అంటారని ఆయనే చెప్పాడు. ఎక్కడో దీవుల్లో పుట్టి, ఇన్ని సముద్రాలు దాటి, చివరికి మా ఊరి బాల్ బ్యాడ్మింటన్ క్లబ్బు గేటుకి తాళం వేయించింది. దాని ఓపికకి దణ్ణం పెట్టాలి.

నాకు ఒళ్ళు మండుతోంది. బట్టల కొట్టు మా నాన్న ఇచ్చింది, క్లబ్బు నేను సంపాదించుకున్నది. పదకొండేళ్ళుగా ఆనరరీ సెక్రటరీని. జూన్ 18న మా కోర్టులో ఫైవ్స్ టోర్నమెంటు ఉంది. రైల్వే సెలెక్టరు వస్తున్నాడు. మా అయిదుగురిలో ఒకడు కంటికి ఆనితే వాడికి ఉద్యోగం.

ఆ ఒకడు ఎవడో ఊళ్ళో అందరికీ తెలుసు. లెఫ్ట్ బ్యాక్ ఆడే బుల్లియ్య. జాలరిపేట వాడు. ఇంటర్ తప్పాడు. పొద్దున వల, సాయంత్రం బ్యాట్. వాడి తల్లి మరిడమ్మ మా క్లబ్బులో కోర్టు ఊడ్చి, మునిసిపాలిటీ కొళాయి దగ్గర నుంచి నీళ్ళు మోసి కుండ నింపుతుంది. మొగుడు లేడు. వాడికి ఉద్యోగం వస్తే బిందె దించేస్తానని మా ఆవిడతో అందట.

వాడు లేకపోతే ఆ చోట ఆడేది మా బుజ్జిబాబు. నా కొడుకే. బి.కాం. రెండుసార్లు రాశాడు. బ్యాక్‌హ్యాండ్ కొడుతుంటే ఈగలు తోలుతున్నట్టు ఉంటుంది.

12-5-78, శుక్రవారం

బ్లీచింగ్ పౌడరు వాళ్ళు వీధి వీధీ తిరుగుతున్నారు. ప్రతి నూతిలోనూ వేస్తున్నారు. మా ఇంటికి వచ్చేసరికి అమ్మ నూతి గట్టు మీద అడ్డంగా నిలబడింది.

అది మడి నుయ్యి. ఆ తాడు అమ్మా, మా ఆవిడా తప్ప ఎవరూ ముట్టుకోరు. నేను కూడా. ఊళ్ళో వాళ్ళందరి నూతుల్లో ముంచిన చెయ్యి, ఆ కంపు పొడి, ఇందులో పడితే నేను దేవుడికి మహానైవేద్యం దేంతో వండనురా అని అమ్మ. వేస్తే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంది. డెబ్భై రెండేళ్ళ మనిషి, అన్నంత పనీ చేస్తుంది. కూలీ వాడు బక్కెట్టు పట్టుకుని నా మొహం చూశాడు.

రిజిస్టర్లో 'వేయడమైనది' అన్నచోట సంతకం పెట్టి పంపించేశాను. కింద జోగేశ్వరరావు సంతకం కూడా ఉంటుంది. కాగితం మీద మా నుయ్యి శుభ్రంగా ఉంది.

17-5-78, బుధవారం

అమ్మ ఆదివారం పెనుగొండలో బంధువుల పెళ్ళికి వెళ్ళి వచ్చింది. దారిలో బస్సు ఆగిన చోట చెరుకురసం తాగిందట. నిన్న పొద్దుటి నుంచి పట్టుకుంది. పదిహేను విరోచనాల దాకా లెక్కపెట్టి మా ఆవిడ లెక్క వదిలేసింది. కళ్ళు లోపలికి పోయాయి. డాక్టరు దొడ్డిదారిన వచ్చి ఆరు సీసాల సెలైన్ ఎక్కించాడు. ఆయన కూతురి పెళ్ళి బట్టలన్నీ మా కొట్లోవే. పేరు రాయకండి అన్నాను. రాయలేదు.

ఎవరైనా అడిగితే మామిడిపళ్ళు ఎక్కువై అజీర్తి చేసింది అని చెప్పమని ఇంట్లో అందరికీ చెప్పాను. క్లబ్బు సెక్రటరీ ఇంట్లో కలరా అంటే ఇంకేముంది.

చీరలన్నీ మా ఆవిడే నూతి గట్టు మీద ఉతికింది. చాకలికి వేస్తే ఊరంతా తెలుస్తుంది.

21-5-78, ఆదివారం

అమ్మ లేచింది. లేవగానే నెత్తి మీద నీళ్ళు పోసుకుని మడి కట్టుకుంది. నీరసంగా ఉంది కానీ తనే తోడుకుంటోంది.

27-5-78, శనివారం

జూన్ 4 నుంచి తెరుచుకోవచ్చని పర్మిషన్ వచ్చింది, ఆరోగ్య జాగ్రత్తలన్నీ పాటిస్తామని రాసిస్తే. ఆ రాసే పని నాది. ప్రెసిడెంటు గారు సంతకం తప్ప ఏదీ రాయరు.

మధ్యాహ్నమంతా కూర్చుని పన్నెండు రూల్స్ రాశాను. ఇంగ్లీషులో. గేటు దగ్గర కార్బాలిక్ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎవరి తువ్వాలు వాళ్ళదే. కోర్టులో ఉమ్మకూడదు. ప్రేక్షకులు లేరు, పుచ్చకాయ ముక్కల బండి లేదు. అందరికీ కలరా ఇంజక్షన్ సర్టిఫికెట్ ఉండాలి. బంతిని డెట్టాల్ నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. ఇలాగే అన్నీ. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

ఏడో రూలు దగ్గర కాస్త ఆగాను. కేసులు వచ్చిన వీధుల వాళ్ళు, ఆ వీధిలో ఆఖరి కేసు నుంచి ఇరవై ఒక్క రోజులు గడిస్తే తప్ప క్లబ్బు ఆవరణలో అడుగు పెట్టకూడదు. ఆడేవాళ్ళయినా సరే, పనివాళ్ళయినా సరే.

మా వీధిలో కేసు లేదు. అజీర్తి కేసు కాదు.

గ్లాసు గురించి రాయబోయి మానేశాను. మా కుండ మీద ఒక ఇత్తడి గ్లాసు ఉంటుంది, అది మెంబర్లది. మెంబరు కాని వాడు దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. బుల్లియ్యా అంతే. వాడికి వాళ్ళమ్మే పోస్తుంది. ఆవిడ మోసుకొచ్చిన నీళ్ళు మాకు పనికొస్తాయి, ఆవిడ కొడుకు పెదవి తగిలిన గ్లాసు పనికిరాదు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, నా ముందు నుంచీ ఉంది. నేను తీసెయ్యలేదు.

30-5-78, మంగళవారం

జోగేశ్వరరావు రూల్స్ చదివి మెచ్చుకున్నాడు. ఏడోది మాత్రం ఎక్కువండి, కలరాకి అయిదు రోజులు చాలండి, పుస్తకంలో అలాగే ఉందండి అన్నాడు. పుస్తకం రాసినవాడు మా ఊళ్ళో క్లబ్బు నడపడం లేదు కదండీ అన్నాను. నవ్వేసి ఊరుకున్నాడు.

జాలరిపేటలో ఆఖరి కేసు నిన్న వచ్చింది. నిన్నటికి ఇరవై ఒకటి కలిపితే జూన్ 19.

టోర్నమెంటు 18.

ఇదేదో దైవికంగా జరిగిందని రేపు అందరితో అంటాను. ఇక్కడ అబద్ధం రాసి ప్రయోజనం లేదు. కేసు వచ్చిందని తెలిసినప్పుడు నాకు కలిగింది సంతోషమే.

4-6-78, ఆదివారం

తెరిచాం. ప్రెసిడెంటు గారు రిబ్బను కత్తిరించి, సబ్బుతో చేతులు కడుక్కుని ఫొటో దిగారు. డెట్టాల్‌లో ముంచిన ఊలు బంతి సరిగ్గా ఆరక నిమ్మకాయంత బరువెక్కింది. సెంటర్ ఆడే అచ్చిబాబు కొడితే నెట్ దాకా వెళ్ళి కూలబడింది. ఆ రూలు మధ్యాహ్నానికే కొట్టేశాను.

మా అయిదుగురి దగ్గరా ఇంజక్షన్ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఇంజక్షన్లే లేవు. చెయ్యి వాచి మూడు రోజులు బ్యాట్ పట్టలేరని కాంపౌండరుతో మాట్లాడి కాగితాలు మాత్రం తెప్పించాను. బుల్లియ్య నిజంగా పొడిపించుకున్నాడు. జబ్బ మీద ముద్ద కట్టింది. అది చూపిస్తూ గేటు బయట నిలబడ్డాడు. జాలరిపేటలో అందరూ పొడిపించుకున్నారండి, నీళ్ళు కాచుకునే తాగుతున్నామండి, ఇరవై రోజులకి రానివ్వండి, ఒక్క రోజే కదండీ అన్నాడు. కోప్పడలేదు, బతిమాలలేదు. అది నాకు నచ్చలేదు. ఒక్క రోజు కోసం రూలు మారిస్తే రూలెందుకోయ్ అన్నాను. రూల్స్ నా సొంతం కావని కూడా అన్నాను.

మరిడమ్మ బిందెతో వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. మరి కుండ ఎవరు నింపుతారని కమిటీ వాళ్ళు తలలు గోక్కున్నారు. అది ముందే ఆలోచించాను. మా నూతి నీళ్ళు. మా కొట్టు కూలీ చిట్టియ్య నూతి గట్టు ఎక్కకూడదు కాబట్టి, అమ్మే తోడి వాడి కావిడి బిందెల్లో పైనుంచి పోస్తుంది. మనిషి చెయ్యి తగలని నీళ్ళు.

ప్రెసిడెంటు గారు రెండు గ్లాసులు తాగారు. ఇన్నాళ్ళూ ఆ కొళాయి మందు కంపు భరించాం కదయ్యా, ఇవి కొబ్బరినీళ్ళలా ఉన్నాయి అన్నారు. నిజమే, కుండ అడుగున ఇసుక రేణువు కూడా కనిపిస్తుంది.

8-6-78, గురువారం

బుల్లియ్య రోజూ గోడ బయట నిలబడి ఆట చూస్తున్నాడు. గోడ బయట గురించి రూల్స్‌లో ఏమీ లేదు. రాయాల్సింది.

11-6-78, ఆదివారం

ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారట, కాలువకి ఎర్రనీరు వచ్చింది. ఊరంతా గట్టున నిలబడి చూసింది. నేను కోర్టులో నిలబడి బుజ్జిబాబుని చూశాను. పద్నాలుగు లాబ్స్ ఎత్తి కొడితే తొమ్మిది అవుట్. నాన్నా, గాలి ఉంది అన్నాడు. మిగతా అందరూ ఆ గాలిలోనే ఆడుతున్నారురా అన్నాను.

వాడికి ఉద్యోగం రాకపోతే కొట్లో కూర్చుంటాడు. కూర్చుంటే కొట్టు ఉండదు. నాకు ఉన్న భయం ఇంతే. ఎవరితోనూ అనలేదు.

15-6-78, గురువారం, సాయంత్రం 6

అచ్చిబాబుకి విరోచనాలు. పొద్దున నుంచి. రైట్ ఫ్రంట్ ఆడేవాడికి నిన్నటి నుంచే కడుపునొప్పి అట, ఇవాళ తగ్గిందట. క్లబ్బు గుమస్తాకి కూడా.

జోగేశ్వరరావు సైకిల్ మీద వచ్చాడు. ఊళ్ళో వారం నుంచి కొత్త కేసు లేదండి, మీ క్లబ్బులోనే ఎందుకండి అన్నాడు. కుండ మూత తీసి చూశాడు. నీళ్ళెక్కడివండి అన్నాడు.

కొళాయివి అన్నాను.

వాసన చూశాడు. నా వైపు చూశాడు. మందు వాసన లేదేంటండి అన్నాడు. కాచి చల్లార్చామన్నాను. కాచితే మందు వాసన పోతుందా అని అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు. వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక అరుగు మీద కూర్చున్నాను. అజీర్తి, చీరలు, నూతి గట్టు, అమ్మ చేతులు, చిట్టియ్య బిందెలు. ఎవరో వరసగా పేర్చి చూపించినట్టు అయింది.

ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు కదా అని ఒక్కసారి అనుకున్నాను. మా ఆవిడకి గత నెలలో రెండు రోజులు బాగోలేదు. బుజ్జిబాబుకీ ఒక రోజు. అప్పుడు అవీ మామిడిపళ్ళే.

కుండ పారబోయాలి. పారబోస్తే ఎందుకంటారు.

16-6-78, శుక్రవారం

పారబోయలేదు. చిట్టియ్య ఇవాళ కూడా నింపాడు. రెండు రోజులే కదా.

17-6-78, శనివారం

అచ్చిబాబుని పెద్దాసుపత్రిలో చేర్చారు. ప్రాణానికి భయం లేదట, బ్యాట్ పట్టడం మాత్రం కుదరదు. నలుగురే మిగిలారు. ప్రెసిడెంటు గారు కొట్టుకి కబురు పెట్టి, ఆ జాలరిపేట కుర్రాణ్ణి పిలిపించవయ్యా, రేపు పరువు పోతుంది అన్నారు. ఏడో రూలండి అన్నాను. స్పెషల్ ఎగ్జెంప్షన్ అని రాసి పారెయ్ అన్నారు. రాశాను.

నేనే వెళ్ళాను. జాలరిపేటలో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. మరిడమ్మ గుమ్మంలో పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. తాగుతారా అండి, కాచినవేనండి అంది. దాహంగా ఉన్నా వద్దన్నాను. బుల్లియ్య లోపల నుంచి బ్యాట్ పట్టుకునే వచ్చాడు. బ్యాట్ గట్స్‌కి మైనం రాసుకుంటూ కూర్చున్నాడట. రేపటికి ఇరవై రోజులేనండి, పర్వాలేదా అండి అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఇంటికి వచ్చి బుజ్జిబాబుని గదిలోకి పిలిచాను. రేపు క్లబ్బులో కుండ ముట్టుకోకు, సోడా తాగు అన్నాను. ఎందుకన్నాడు. చెప్పింది చెయ్యి అన్నాను.

ఒక్కడికే చెప్పాను.

18-6-78, ఆదివారం, రాత్రి 8

గెలిచాం. రూల్స్ పెట్టిన క్లబ్బుకి ఊరంతా వచ్చింది. ప్రేక్షకులు లేరనే రూలు ఏమైందో ఎవరూ అడగలేదు.

బుల్లియ్య లెఫ్ట్ బ్యాక్, రైట్ బ్యాక్ వాణ్ణి సెంటర్‌కి పంపి బుజ్జిబాబుని రైట్ బ్యాక్‌కి మార్చాను. రెండు వారాలు గోడ బయట నిలబడ్డవాడు అలా ఎలా ఆడాడో తెలియదు. అవతలి వాళ్ళు ఎక్కడ కొట్టినా వాడు ముందే అక్కడ ఉన్నాడు. మూడో గేమ్‌లో మా వాడి బంతులు కూడా వాడే తీశాడు. మా వాడికి ఆ విషయం తెలియలేదు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఆట తెలిసినవాణ్ణి నేను, అబద్ధం ఆడలేను.

సెలెక్టరు లేచి కోర్టులోకే వెళ్ళాడు. భుజం మీద చెయ్యి వేసి షామియానాలోకి తీసుకొచ్చాడు. ముందు ఈ అబ్బాయికి మంచినీళ్ళు ఇప్పించండి అన్నాడు. బుల్లియ్య అలవాటుగా కుండ పక్కన వంగి దోసిలి పట్టాడు. సెలెక్టరు మొహం మారింది. అదేంటి, ప్లేయర్‌కి గ్లాసు ఇవ్వరా మీ క్లబ్బులో అన్నాడు. ప్రెసిడెంటు గారు నన్ను చూశారు. అందరూ నన్నే చూశారు.

కుండ పక్కన నేనే నిలబడి ఉన్నాను. కాలు తగిలినట్టు తన్నినా చాలు, పగిలిపోయేది. ఇవి మొహం కడుక్కునే నీళ్ళండి అన్నా చాలు. సోడా తెప్పిస్తాను ఉండు అన్నా చాలు. ఈ మూడూ అప్పుడే తోచాయి. ఇంటికొచ్చాక తోచినవి కావు.

గ్లాసు ముంచి ఇచ్చాను.

వాడు నా మొహం చూశాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని, రెండు చేతులతో అందుకున్నాడు. పెదవి తగలకుండా ఎత్తి పోసుకోబోతే, తాగవయ్యా పర్వాలేదు అని సెలెక్టరు అన్నాడు. కరుచుకుని తాగాడు. ఇంకొకటి అన్నట్టు చూశాడు. అదీ నేనే ముంచాను.

సెలెక్టరు పేరు రాసుకున్నాడు. అడ్రసు, కేరాఫ్ సెక్రటరీ.

బుజ్జిబాబు సోడా తాగాడు.

జనం వెళ్ళాక కుండ నేనే పగలగొట్టాను. చెయ్యి జారిందని గుమస్తాతో చెప్పాను.

20-6-78, మంగళవారం

బుల్లియ్యని మధ్యాహ్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. మంచాలు లేక వరండాలో వేశారట. ఇంజక్షన్ పొడిపించుకున్నాడు కదా, తట్టుకుంటాడు అని జోగేశ్వరరావుతో అన్నాను. ఇంజక్షన్ సగం మందికే పని చేస్తుందండి అన్నాడు.

ఆరు సీసాలు పంపుదామని డాక్టరు దగ్గరికి బయలుదేరాను. అంత శ్రద్ధ ఏంటని అడుగుతాడు. మలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చాను.

21-6-78, బుధవారం

పోయాడు. మధ్యాహ్నం మూడింటికి.

24-6-78, శనివారం

కమిటీ మీటింగు. రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. తర్వాత ప్రెసిడెంటు గారు, మన సెక్రటరీ మల్లేశ్వరరావు పెట్టిన ఏడో రూలు ఎంత సరైనదో ఇప్పుడు తెలిసిందయ్యా, ఒక్క రోజు ముందు రానిచ్చినందుకు ఏం జరిగిందో చూశాం, జాలరిపేట నుంచి మోసుకొచ్చాడు, మన వాళ్ళ అదృష్టం బాగుంది అన్నారు. అచ్చిబాబు వాడి కంటే ముందే పడిపోయాడని ఎవరికీ గుర్తు లేదు. నాకు అభినందన తీర్మానం చేశారు. మినిట్స్ రాసింది నేనే.

జోగేశ్వరరావు ఆఖర్న నన్ను పక్కకి పిలిచాడు. మే నెల బ్లీచింగ్ రిజిస్టరు చంకలో ఉంది. మీ నూతికి మళ్ళీ ఒకసారి మనిషిని పంపనా అండి అన్నాడు. అమ్మ ఒప్పుకోదండి అన్నాను. రిజిస్టరు తెరిచి మా నూతి పేజీ తీశాడు. ఆ పేజీలో నా సంతకం కింద ఆయన సంతకం ఉంది. సరేనండి అని సైకిలెక్కాడు.

చిట్టియ్య ఒక మాట మోసుకొచ్చాడు. వరండాలో పడుకుని బుల్లియ్య ఆ వేళంతా వాళ్ళమ్మకి ఒకటే చెప్పాడట. సెక్రటరీ గారు ఆయన చేత్తో ఇత్తడి గ్లాసు ఇచ్చారే, ఎంత చల్లగా ఉన్నాయో అని.

10-7-78, సోమవారం

రైల్వే నుంచి కవరు వచ్చింది. కేరాఫ్ సెక్రటరీ. ఒకటో తారీకున చేరాలట.

బుజ్జిబాబు చదివి, నాన్నా, ఇందులో పేరు మార్పించడం కుదరదా అని అడిగాడు. లాగి కొడదామని చెయ్యెత్తాను. పొద్దున కవరు చింపినప్పుడు నాకూ అదే ఆలోచన వచ్చింది. చెయ్యి దించేశాను.

కవరు డ్రాయర్లో పెట్టాను. మరిడమ్మకి చదువు రాదు.

16-7-78, ఆదివారం

ఏడో రూలు గడువు ఎప్పుడో అయిపోయింది. మరిడమ్మ పన్లోకి వచ్చింది. కొత్త కుండ కడిగి, కొళాయి నీళ్ళు నింపి, ఇత్తడి గ్లాసు తోమి మీద బోర్లించింది. మందు వాసన వేస్తోందని మెంబర్లు మొహాలు మాడ్చుకున్నారు.

నాకు దాహమేసింది. కుండ దగ్గరికి వెళ్ళాను. ఆ గ్లాసు ముట్టుకోలేకపోయాను. ఎందుకు చేశానో తెలియదు, వంగి దోసిలి పట్టాను.

మరిడమ్మ పొయ్యలేదు. గ్లాసు ఉంది కదండీ అంది. ముంచి, నిండుగా, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.